పద్నాలుగు గంటల కౌన్సిలరు

మునిసిపల్ ఆఫీసు నుంచి నా పేరిట కవరు వచ్చిందనగానే మా కోడలు నీళ్ళ పన్ను అనుకుంది, నేను ఇంటి పన్ను అనుకున్నాను. రెండూ కాదు. కౌన్సిలర్లకి జీతం ఎంత ఉండాలో తేల్చే సంఘానికి ఊరి జనంలోంచి ఏడుగురి పేర్లు చీటీ తీశారట, అందులో నాది ఒకటట. డెబ్బైకి దగ్గరపడ్డాక నాకొక లాటరీ తగిలింది.

"వాళ్ళకి జీతం కూడానా అత్తయ్యా! ఇప్పుడు తింటున్నది చాలట్లేదా?" అంది కోడలు.

నాకు ఒళ్ళు మండింది. నా కోపం ముక్కు మీదే ఉంటుందని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ జాగ్రత్తపడరు.

"ఎంత తింటున్నారో నువ్వెళ్ళి వడ్డించొచ్చావా?" అన్నాను.

మంచి పిల్ల, నొచ్చుకోలేదు. "నేను కాదు, మీరే వడ్డించారేమో. ఆ ఆఫీసులోనే కదా ముప్పై ఏళ్ళు టైపు కొట్టారు. చెప్పండి మరి," అని కుర్చీ దగ్గరకి లాక్కుంది. నన్ను కదిపితే ఆపడం ఎవరి తరమూ కాదని ఆ పిల్లకి ఇంకా తెలియదు.

మా ఊళ్ళో మొదటి నుంచీ ఒక పద్ధతి ఉంది. కౌన్సిలర్లు తమ జీతం తాము పెంచుకోకూడదు. బయటివాళ్ళు కూర్చుని తేల్చాలి. తేల్చింది కూడా అప్పుడు కుర్చీలో ఉన్నవాళ్ళకి అందదు, తర్వాతి ఎన్నికల్లో గెలిచి వచ్చేవాళ్ళకే. ఎవరి కంచంలో వాళ్ళే గరిటె పెట్టుకోకుండా పెట్టిన కట్టుబాటు అది. బాగానే ఉంది. కానీ నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ సంఘాన్ని పిలిచి పాతికేళ్ళు దాటిపోయింది. కౌన్సిల్లో ఉన్నవాళ్ళలో ఒకరు డాక్టరు, ఒకరు ప్రెస్సు ఓనరు, మిగిలినవాళ్ళకి మేడలో, గోడౌన్లో ఉండేవి. "ప్రజాసేవకి జీతమేమిటండీ, అప్రదిష్ట!" అనేవారు. నిండిన కడుపుతో ఎన్నైనా అనొచ్చు. మీటింగుకి ఇంత అని ఇచ్చేవారు. అది రెండు దారపు రీళ్ళకి, ఒక అట్ట బొత్తాలకి సరిపోయేది.

ఆ లెక్క నాకు ఎలా తెలుసంటే, ఆ కౌన్సిల్లో పదకొండో కుర్చీ మా అమ్మది.

అమ్మ బట్టలు కుట్టేది. నాన్న నా చిన్నప్పుడే పోయారు. వీధివైపు గదిలో రెండు మిషన్లు, ఒకటి అమ్మది, ఒకటి పిన్నిది. గది మధ్యలో కత్తిరింపుల బల్ల. గోడకి నిలువుటద్దం, అద్దానికి ఒక మూల పగులు, ఆ పగులు మీద అతికించిన పాత క్యాలెండరు ముక్క. ఎప్పుడూ ఇస్త్రీ వాసన, కొత్త గుడ్డ వాసన. ఇప్పటికీ బట్టల కొట్టులో అడుగు పెడితే ఆ వాసనకి నా కాళ్ళు ఆగిపోతాయి, కోడలు నన్ను చెయ్యి పట్టుకుని లాగుతుంది.

అమ్మని కౌన్సిల్‌కి పంపింది మా వీధి ఆడవాళ్ళే. పాత కౌన్సిలరు ఎప్పుడు వెళ్ళినా ఇంట్లో ఉండేవాడు కాదు. "నువ్వైతే ఎక్కడికి పోతావే, పొద్దస్తమానం ఆ మిషను ముందే కదా ఉండేది," అని నిలబెట్టారు. గెలిపించారు. ఆ రోజు నుంచి మా గదిలోకి వచ్చేవాళ్ళకి పని రెండు రకాలయింది. చేతులు పైకెత్తి కొలతలు ఇస్తూనే వీధి దీపం సంగతి చెప్పేవారు. అంచు మడవడానికి గుడ్డ కళ్ళ దగ్గరకి లాక్కుని అమ్మ కుడుతుంటే, పక్కన నిలబడి మురుగు కాలవ గురించి ఏకరువు పెట్టేవారు. అమ్మ పెడల్ ఆపకుండానే "ఊఁ, ఎన్ని రోజులైంది? ఊఁ, ఇంజనీరుతో చెప్పావా?" అని అడిగేది. వాళ్ళు వెళ్ళాక చెవి వెనక పెన్సిలు తీసి ఏదో రాసుకునేది.

ఇక మంగళవారాలు, శుక్రవారాలు మధ్యాహ్నం మీటింగులు. పొద్దున్నే వార్డు తిరగడం. దాంతో కుట్టు వెనకబడింది. ఇవాళ ఇస్తానన్నది ఎల్లుండికి, ఎల్లుండి అన్నది పై వారానికి. పక్క వీధిలో అద్దాల తలుపుతో కొత్త దర్జీ దుకాణం పెట్టారు, మా వాళ్ళు ఒక్కొక్కరే అటు జారుకుంటున్నారు. పిన్ని ఊరుకునే రకం కాదు, నా కోపం నాకు ఆవిడ నుంచే వచ్చింది.

"అక్కా, ఒక్క గౌనుకి చెయ్యి అతకడానికి పదకొండు రోజులు పట్టింది. కౌన్సిలరమ్మవి కదా, నీకేం, కుర్చీ ఉంది. నేను ఎవరి మొహం చూడాలి? మళ్ళీ నిలబడతానంటే నిలబడు. ముందు నీ మిషను అమ్మేసి నిలబడు. రెండిటికీ నూనె పోయడం నా వల్ల కాదు," అంది ఒక రోజు.

అమ్మ నవ్వేసింది. కానీ నాకు తెలుసు, ఆ మాట ఆవిడకి బాగా గుచ్చుకుంది. ఎన్నికలు ఏడు నెలల్లో ఉన్నాయి. బజారులో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి కట్టించాలని అమ్మ మూడేళ్ళు కౌన్సిల్లో పోట్లాడింది. గోడలు లేచాయి, కప్పు లేదు. తను దిగిపోతే ఆ గోడల మధ్య ఎవరో గడ్డివాము వేసుకుంటారని అమ్మ భయం. మిషను అమ్మితే బతుకు లేదు. మిషను ఉంచుకుంటే కుర్చీ లేదు. మధ్యలో రెండు దారపు రీళ్ళు.

సరిగ్గా అప్పుడే పై నుంచి ఉత్తర్వు వచ్చి జీతాల సంఘాన్ని పిలవాల్సి వచ్చింది. అప్పట్లో అయిదుగురే. వాళ్ళకి పెద్ద, రిటైరైన ఒక హెడ్మాష్టారు. ఊరంతా ఆయన్ని ఆసాంతం మేష్టారు అనేది. ఏ కాగితం చేతికిచ్చినా మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా ఆసాంతం చదవందే కింద పెట్టేవారు కాదు. బస్సు టికెట్టు వెనకాల ఉన్నది కూడా చదివేవారు. ఆ సంఘానికి టైపిస్టుగా నన్ను వేశారు. నాకప్పుడు ఇరవై నాలుగు. మా అమ్మకి జీతం వచ్చే కాగితం నా చేత్తోనే టైపు కొడతానని గాల్లో తేలిపోయాను.

మేష్టారు ముందు ఒక పట్టిక తయారు చేయించారు. ప్రతి కౌన్సిలరూ నాలుగు వారాల పాటు ఏ రోజు ఎన్ని గంటలు ఊరి పని చేశారో రాసివ్వాలి. ఆ గంటలకి బడి పంతులు గంట కూలి కట్టి జీతం తేలుస్తారు. దాని కాపీలు తీయడానికి స్టెన్సిలు కోసింది నేనే. నెల తిరిగేసరికి పదకొండు కాగితాలూ వచ్చాయి, అన్నీ ఒక పట్టీగా కొడుతూ కూర్చున్నాను.

డాక్టరుగారివి నూట ముప్పై గంటలు. తన రోగులందరినీ ఊరి లెక్కలో కట్టేశాడు. ప్రెస్సు ఓనరువి నూట అరవై. "పొద్దున్న స్నానం చేస్తూ వార్డు సమస్యల గురించి ఆలోచన, అరగంట" అని రోజూ రాశాడు మహానుభావుడు. నవ్వుకుంటూ కొడుతున్నాను. చివరి కాగితం అమ్మది.

మంగళవారం మీటింగు, రెండు గంటలు. శుక్రవారం, గంటన్నర. నాలుగు వారాలూ అంతే. మిగతా గళ్ళన్నీ ఖాళీ. మొత్తం పద్నాలుగు.

మేష్టారు పట్టీ తీసుకుని, అలవాటు ప్రకారం ఆసాంతం చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మాయీ, ఇందులో పది కాగితాలు కథలు. ఒక్క కాగితం నిజం. మీ అమ్మగారిది. దీన్నే కొలబద్దగా తీసుకుందాం. నెలకి పద్నాలుగు గంటల పని, పద్నాలుగు గంటల కూలి," అన్నారు.

"మేష్టారూ, అలాగైతే ఇప్పుడిచ్చేదాని కంటే ఏమంత పెరగదండీ!"

"నిజం ఎంతుంటే అంతే ఇవ్వాలి కదమ్మా."

అమ్మ నిజాయితీ చూసి ముచ్చటపడి అమ్మ మెడకే కత్తెర పెడుతున్నారు. వచ్చే సోమవారం హాల్లో జనం ముందు నిర్ణయం చదువుతారు, అభ్యంతరాలుంటే అక్కడే చెప్పాలి. చేతిలో మూడు రోజులున్నాయి.

ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా అరిచాను. "పద్నాలుగేంటమ్మా? నీకు లెక్క రాదా? పొద్దున లేస్తే ఇల్లు సంతలా ఉంటుంది కదా, వాళ్ళంతా ఎందుకొస్తున్నట్టు?"

అమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కించాకే మాట్లాడింది. "వాళ్ళొచ్చినప్పుడు నేను కుడుతూనే ఉంటాను కదే. వార్డు తిరిగేటప్పుడూ కుట్టినవి ఇచ్చొస్తూనే ఉంటాను. ఆ గంటకి గౌను కూలి తీసుకున్నాను. మళ్ళీ అదే గంట ఊరికి ఎలా అమ్మను?"

"చెవులు ఊరివి కదా! చేతులకి కూలి ఇచ్చారు, చెవులకి ఎవరిచ్చారు?"

"చెవులకి కూలేంటే, విడ్డూరం కాకపోతే," అని నవ్వింది. "వినడం కూడా ఒక పనేనా?"

పిన్ని అటు తిరిగి కూర్చునే అంది, "అక్కా, నువ్వు మహాతల్లివి. నీ మిషనుకి బేరం నేనే చూస్తాలే."

మర్నాడు అమ్మ వార్డు తిరగడానికి వెళ్ళినప్పుడు నా కళ్ళు సొరుగు మీద పడ్డాయి. అమ్మ కొలతల పుస్తకం అందులో ఉండేది. పొడుగాటి పుస్తకం, నల్ల అట్ట. మా ఇంట్లో దానికొక నియమం ఉండేది. ఎవరి కొలతలు వాళ్ళకి, అమ్మకి తప్ప మూడో మనిషికి తెలియకూడదు. ఒకసారి ఒకాయన పెళ్ళాం పుట్టినరోజుకి గౌను కొనాలని, దొంగచాటుగా కొలతలు అడగడానికొచ్చాడు. "ఆవిణ్ణే తీసుకురండి," అని పంపించేసింది. "ఒంటి మాట నమ్మి చెప్తారే ఆడవాళ్ళు. అది బయటికి పోతే నేను సూది పట్టుకోవడం దండగ," అనేది. అలాంటి పుస్తకాన్ని తెరిచాను.

ప్రతి పేజీ మధ్యలో ఒక గీత. ఎడమ పక్క భుజం, ఛాతీ, నడుము, చేతి పొడవు. కుడి పక్క అదే పెన్సిలుతో, 'దీపం, మూడు రోజులు, ఇంజనీరుతో చెప్పాలి'. 'మెట్లు విరిగాయి, బడి వెనక, చెప్పాను, చేశారు'. 'అత్తగారి పింఛను ఆగింది, నాలుగుసార్లు తిరిగాను, వచ్చింది'. తేదీలతో సహా. పేజీలు తిప్పుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ ఒక్క నెలలోనే రెండు వందల చిల్లర. మా అమ్మ చెవులు చేసిన పనంతా నడుముల పక్కన, భుజాల పక్కన నిలబడి ఉంది.

పుస్తకం సంచిలో వేసుకున్నాను. కుడి పక్క మాత్రం టైపు కొట్టి, పుస్తకం అమ్మ చూడకముందే సొరుగులో పెట్టేద్దామని నా ఆలోచన. శనివారం అంతా తలెత్తకుండా కొట్టి సాయంత్రం మేష్టారికి ఇచ్చాను. ఆయన చదివారు. ఆసాంతమే. తర్వాత ఆ చల్లటి గొంతుతో అడిగారు, "ఇది నకలు కదా. అసలు ఏది?"

అసలు చూడకుండా నకలు మీద సంతకం పెట్టడం ఆయన జన్మలో లేదు. చివరికి సంచిలోంచి తీసి ఇచ్చాను. "కుడి పక్కే చూడండి మేష్టారూ. ఎడమ పక్క చూడకూడదు. దణ్ణం పెడతాను."

"అలాగేనమ్మా," అన్నారు. ఆయన మనసులో కల్మషం లేదు. అలవాటు ఉంది.

ఆదివారం మిషను కింద, బల్ల కింద, మంచం కింద అమ్మ పుస్తకం కోసం వెతుకుతూనే ఉంది. "నిన్న ఇక్కడే పెట్టాను కదే, చూశావా?" అని రెండుసార్లు అడిగింది. చూడలేదన్నాను.

సోమవారం హాలు నిండిపోయింది. ముందు వరసలో కౌన్సిలర్లు, వెనక బల్లల మీద జనం. నేను పక్కన చిన్న మేజా దగ్గర. మేష్టారు లేచారు. "ఈ సంఘం ముందు పద్నాలుగు గంటలే సరైన లెక్క అనుకుంది. తర్వాత మాకొక పుస్తకం దొరికింది. అందులోంచి ఒక పేజీ చదువుతాను, మీరే తేల్చండి," అని నల్ల అట్ట తెరిచారు.

తెరిచి, అలవాటు కొద్దీ, పేజీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టారు.

"రొట్టెల కొట్టు. ఛాతీ నలభై నాలుగు. నడుము నలభై మూడు. తుంటి..."

ఆయనకి స్పృహ వచ్చి ఆగేసరికి జరగాల్సింది జరిగిపోయింది. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వెనక బల్లల దాకా పాకింది. రొట్టెల కొట్టావిడ నాలుగో వరసలోనే ఉంది, మొగుడి పక్కన. ఆవిడ మొహంలోకి నేను చూడలేకపోయాను. నాకు తల కొట్టేసినట్టయింది. నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది, నిజంగా.

అమ్మ లేచింది. నడిచి వెళ్ళి మేష్టారి చేతిలోంచి పుస్తకం తీసుకుని మూసింది. నా వంక చూడలేదు. నాలుగో వరస వైపు తిరిగి చేతులు జోడించింది.

"వదినా, తప్పయింది. ఈ పుస్తకం ఆయనకి ఇచ్చింది నేనే. ఇంకెవరి మీదా కోపం పెట్టుకోకు."

మేష్టారు నోరు తెరవబోయి మూసుకున్నారు. రొట్టెల కొట్టావిడ లేచి, ఎవరి వంకా చూడకుండా, బయటికి వెళ్ళిపోయింది. ఆవిడ వెనక ఇంకో అయిదారుగురు ఆడవాళ్ళు లేచారు. అందరూ మా వాళ్ళే, అందరి కొలతలూ ఆ పుస్తకంలోనే ఉన్నాయి.

అమ్మ అక్కడే నిలబడి, పుస్తకం గుండెకి ఆనించుకుని, తెరవకుండానే, కుడి పక్కది చెప్పడం మొదలుపెట్టింది. పేర్లు లేవు. ఏ వీధి, ఏ సమస్య, ఎన్ని రోజులు, ఏమైంది. తడుముకోకుండా పావుగంట చెప్పింది. ప్రెస్సు ఓనరు కూడా స్నానాల సంగతి గుర్తొచ్చిందో ఏమో తలొంచుకున్నాడు. మేష్టారు ఆ సాయంత్రమే జీతం తేల్చారు. బడి పంతులు జీతంలో సగం, ప్రతి కౌన్సిలరుకీ, వచ్చే కౌన్సిల్ నుంచి. ఆ కాగితం నా చేత్తోనే టైపు కొట్టాను. అనుకున్నట్టే. సంతోషం మాత్రం లేదు.

ఇంట్లో అమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పిన్ని తిట్టింది, అది వేరే సంగతి. అమ్మ మర్నాడు బజారుకెళ్ళి ఇత్తడి తాళం తెచ్చి సొరుగుకి వేసింది. తాళంచెవి దారానికి కట్టి మెడలో వేసుకుంది. పుస్తకం గురించి నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. ఆ తాళం చూసినప్పుడల్లా నా చెంప ఛెళ్ళుమన్నట్టుండేది. ఇంట్లో దొంగ ఉందని వేసిన తాళం కదా.

జీతం ఉంది కాబట్టి అమ్మ మళ్ళీ నిలబడింది. పిన్ని కూడా గొణుక్కుంటూనే ప్రచారం కాగితాలు పంచింది. అమ్మ మీద పోటీకి బస్సు కండక్టరు ఒకామె వచ్చింది. జీతం వస్తుందంటేనే సెలవు పెట్టగలనని, లేకపోతే ఆ ఊసే ఎత్తేదాన్ని కాదని ఆమే చెప్పింది. అమ్మ తొమ్మిది ఓట్లతో ఓడిపోయింది.

తొమ్మిది! ఆ రోజు హాల్లోంచి లేచిపోయిన ఆడవాళ్ళని, వాళ్ళ మొగుళ్ళని నేను ఎన్నిసార్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నానో. ఎటు నుంచి కూడినా తొమ్మిది దాటేవి. నేనే ఓడించాను మా అమ్మని. అమ్మ మాత్రం, కండక్టరమ్మ మొదటి మీటింగుకి వెళ్ళడానికి కోటు కుట్టిచ్చింది. లోపల పెద్ద జేబు పెట్టింది, నోటు పుస్తకం పట్టేలా. బజారు మరుగుదొడ్డికి ఆమే కప్పు వేయించింది. మెల్లిగా మా గదిలోకి ఆడవాళ్ళు మళ్ళీ రావడం మొదలుపెట్టారు, రెండేళ్ళకి రొట్టెల కొట్టావిడ కూడా వచ్చింది. అమ్మ పోయిన రోజు కూడా తాళంచెవి మెడలోనే ఉంది. పుస్తకాలన్నీ తీసి పిన్ని పొయ్యిలో పెట్టింది, అమ్మ అలాగే చెప్పిందట. నాకు చెప్పలేదు, పిన్నికి చెప్పింది.

ఇంతవరకూ చెప్పి నేను ఆపాను. కోడలు కళ్ళు తుడుచుకుంటోంది. "వెళ్ళండి అత్తయ్యా, ఆ సంఘానికి," అంది.

నిన్న వెళ్ళాను. మా పాత హాలే, కుర్చీలు మారాయి. ఏడుగురికీ తలొక కట్ట ఇచ్చారు, ఇప్పటి కౌన్సిలర్లు నింపిన గంటల పట్టికలు. మిగతావాళ్ళు టీ తాగుతుంటే నేను ఖాళీ పట్టిక ఒకటి తీసి చూశాను. అదే పట్టిక, నేను స్టెన్సిలు కోసిందే. నా గళ్ళు, నా గీతలు. కానీ అడుగున చిన్న అక్షరాల్లో నాకు తెలియని లైను ఒకటుంది. 'వేరే పని చేసుకుంటూ విన్న ఫిర్యాదులు కూడా ఊరి పనే. ఎన్నో అంకె వేస్తే చాలు. ఎవరివో రాయనక్కర్లేదు, పుస్తకాలు చూపనక్కర్లేదు.'

నేనది కొట్టలేదు. ఒట్టు. ఎన్నికలయ్యాక నన్ను పన్నుల విభాగానికి మార్చారు, అప్పుడు చేర్చి ఉండాలి. అక్కడున్న గుమస్తా అమ్మాయిని అడిగాను. "మొదట్నుంచీ ఉందండీ," అంది. "మొదట్లో నేనున్నానమ్మా, లేదు," అన్నాను కొంచెం గట్టిగానే. పాపం, రికార్డు గదిలోకి వెళ్ళి దుమ్ము దులుపుకుంటూ పాత ఫైలు తెచ్చింది.

ఫైల్లో నా టైపు కాగితాల వెనక, గౌన్లు కత్తిరించడానికి వాడే గోధుమరంగు కాగితం ముక్క ఒకటి మడిచి ఉంది. ఒక అంచున సుద్ద గీత ఇంకా పోలేదు. పెన్సిలు రాత. అమ్మది.

'మేష్టారికి నమస్కారం. ఓడిపోయినందుకు రాయడం లేదు. ఆ రోజు హాల్లో ఒక అబద్ధం చెప్పాను, అది మీ లెక్కల్లో ఉండిపోకూడదు. పుస్తకం మీకిచ్చింది నేను కాదు, మా అమ్మాయి. మీకు తెలిసీ పదిమందిలో ఊరుకున్నారు, ఆ మేలు మర్చిపోను. దాని తప్పేమీ లేదు. మీ కాగితంలో ఆ పనికి గడి లేదు, అందుకని నేను పద్నాలుగు వేశాను. ఈసారి గడి పెట్టించండి. పుస్తకం చూపించకుండా లెక్క చెప్పే దారి ఉండాలి. లేకపోతే ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల వాళ్ళమ్మ పుస్తకం ఎత్తుకెళ్ళాల్సి వస్తుంది. సొరుగుకి తాళం వేశాను, వచ్చేవాళ్ళకి కనబడితే మళ్ళీ నమ్ముతారని. మా అమ్మాయి అది తన కోసమే అనుకుంటోంది. ఆ తాళం చూసి మొహం తిప్పేసుకుంటోంది. కాదని దానికి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. ఊరందరి మాటా వింటాను కానీ, మాట్లాడటం నాకు చేతకాదు. ఈ కాగితం ఎవరికీ చూపించకండి.'

ఎవరికీ చూపించలేదు మేష్టారు. పారేయడమూ ఆయన వల్ల కాలేదు. నంబరు వేసి ఫైల్లో పెట్టారు. మార్జిన్లో ఎర్ర సిరాతో, 'ఆసాంతం చదివాను. లైను చేర్చడమైనది' అని రాసి సంతకం పెట్టారు.

"ఒక్క మాట నాతో అంటే నీ సొమ్మేం పోయేదమ్మా!" అని పైకే అరిచేశాను. నలభై రెండేళ్ళు! అంతా టీ కప్పులు దించి నా వంక చూశారు. గుమస్తా అమ్మాయి మంచినీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. భుజం మీద చెయ్యి వేసి, "ఏమైందండీ, ఎవరిదండీ ఆ ఉత్తరం?" అంది.

"కౌన్సిలరుదమ్మా. పదకొండో కుర్చీ," అన్నాను.

తర్వాత మొహం కడుక్కొచ్చి కూర్చుని కట్టలో పై కాగితం తీశాను. సైకిళ్ళు బాగుచేసే కౌన్సిలరు ఒకాయనది. కాగితం మీద నూనె వేలిముద్రలున్నాయి. మీటింగులు పందొమ్మిది గంటలు. అడుగు లైనులో, నూట డెబ్బై మూడు. మొదటి అక్షరం నుంచి ఆసాంతం చదివి, సంతకం పెట్టాను.